బడిసంచిలో దొరికిన రెండో ఫోను

ఈసారి ఉత్తరం ఉత్తర తెలంగాణలోని ఒక పల్లె నుంచి ఒక తల్లి పంపారు. "నాకు రాయడం సరిగా రాదు మేడం, నేను చెబుతుంటే ఫోనే రాసుకుంది, తప్పులుంటే ఏమనుకోకండి" అని మొదలుపెట్టారు. ఎవరూ పోల్చుకోకుండా కొన్ని వివరాలు మార్చాను. పిల్ల వయసు మాత్రం మార్చలేదు. ఈ వ్యవహారంలో సగం ఆ వయసు మీదే ఆధారపడి ఉంది. పదిహేనేళ్లు.

ఆమె భర్త ఏడేళ్లుగా సౌదీలో ఉన్నారు. రెండేళ్లకోసారి వచ్చి నలభై రోజులుండి వెళ్తారు. ఆమె ఇంట్లో బీడీలు చేస్తారు. అత్తగారు, పదో తరగతి చదివే కూతురు, ఆరో తరగతి కొడుకు ఆమెతో ఉంటారు. పోయిన నెలలో ఓ రాత్రి బీడీలు కట్టలు కడుతుంటే కూతురి బడిసంచిలోంచి ఫోను గుర్రుమన్న చప్పుడు వినిపించింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ అప్పుడు ఆమె పక్కనే, చాట దగ్గరే ఉంది. సంచి తీసి చూస్తే నోటుపుస్తకాల మధ్య, పాత చున్నీలో చుట్టిపెట్టిన ఇంకో ఫోను.

అది ఇచ్చినవాడికి ఇరవై ఆరేళ్లు. మండల కేంద్రంలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని. ఏడాది కిందట ఆమె ఫోను డిస్‌ప్లే పగిలితే కూతుర్ని వెంటబెట్టుకుని అతని దగ్గరికే వెళ్లారు. రెండొందలు తగ్గించాడు, "ఆంటీ" అంటూ మర్యాదగా మాట్లాడాడు. ఆ తర్వాతే ఇన్‌స్టాగ్రామ్‌లో పాపకు మెసేజ్‌లు మొదలయ్యాయి. రీచార్జ్ చేయించాడు. పుట్టినరోజుకు వాచీ ఇచ్చాడు. తర్వాత ఫోను ఇచ్చాడు. ఫొటోలు అడిగాడు, మొదట మామూలువి, తర్వాత బట్టల్లేనివి. రెండుసార్లు బడి ఎగ్గొట్టించి జిల్లా కేంద్రంలో తన స్నేహితుడి గదికి తీసుకెళ్లాడు. ఆఖరిసారి వెళ్లి మూడు వారాలైంది. అక్కడేం జరిగిందో పాప చెప్పడం లేదు. ఇప్పుడు మాట వినకపోతే ఆ ఫొటోలు "మీ నాయిన ఫోనుకే" పంపుతానంటున్నాడు. వచ్చే శనివారం హైదరాబాద్ రమ్మంటున్నాడు. తెలిసిన అక్క ఒకామె బ్యూటీ పార్లర్ పని నేర్పిస్తుందట, హాస్టల్ ఫ్రీ అట. "నాకు అప్పయింది, నా కోసం ఒక్కసారి రా" అని రాశాడు.

ఆ రాత్రి ఆమె కూతుర్ని కొట్టారు. ఆ సంగతి దాచుకోకుండా రాశారు. "ఆయన మంచోడే, కేసు పెడితే నేను చచ్చిపోత" అంది పిల్ల. సంగతి తెలిసిన మరిది, పెద్దమనుషుల్లో పెట్టి డబ్బు తీసుకుని ఫొటోలు తుడిపించేద్దామంటున్నాడు. అత్తగారు తన కూతురి కొడుక్కిచ్చి ఈ ఎండాకాలంలోనే పెళ్లి చేసేద్దామంటున్నారు. "వాడు బలవంతం చెయ్యలే, మా పిల్లే పోయింది. ఇది నేరమెట్లయితది? కేసు పెడితే బిడ్డ బతుకు ఏం గావాలె, పెట్టకపోతే ఏం గావాలె? నేనెక్కడ తప్పు చేసిన మేడం?" ఇవీ ఆమె అడిగినవి.

అమ్మా,

ముందు శనివారం సంగతి. మీ ఉత్తరం చూసిన రోజే మీకు రెండు ముక్కలు రాశాను: పాపను ఎక్కడికీ పంపొద్దు, 1098కి ఫోన్ చేయండి అని. అదే మాట ఇక్కడా రాస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి శనివారం ఇంకో ఇంట్లోనూ ఉండి ఉంటుంది. 1098 పిల్లల కోసం ఉన్న హెల్ప్‌లైన్. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు. "మా పాపను ఎవరో ఊరు దాటించాలని చూస్తున్నారు" అని చెబితే చాలు. అప్పటికే బయల్దేరి ఉంటే మాత్రం 112కి చేయాలి, బస్సు నంబరు తెలిసేదాకా ఆగకూడదు.

రెండోది, చచ్చిపోతానన్న మాట. కేసు పెట్టనివ్వకుండా బెదిరించడానికి అంటోందని మీకు అనిపించవచ్చు. బెదిరింపు అనుకుని కొట్టిపారేయకండి. కొన్నాళ్లపాటు పాప ఒంటరిగా పడుకోకుండా చూసుకోండి. ఇంట్లో పురుగుమందు డబ్బా, అత్తగారి బీపీ మాత్రలు ఉంటే చేతికి అందకుండా దాచేయండి. "నిజంగానే చచ్చిపోవాలనిపిస్తోందా బిడ్డా?" అని నేరుగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన కలుగుతుందని చాలామంది భయపడతారు. అలా కలగదు. అడిగినవాళ్లకు పిల్లలు చెబుతారు, అడగనివాళ్లకు చెప్పరు. 14416 టెలిమానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడతారు, మీరైనా చేయొచ్చు, పాపైనా చేయొచ్చు.

ఇక మీ ప్రశ్న. "వాడు బలవంతం చెయ్యలే, మా పిల్లే పోయింది."

మీరు ఉత్తరంలో రాసిన సంగతుల్నే వరసగా పేర్చి చూడండి. మొదట మీకు రెండొందలు తగ్గించాడు. మీకే, పాపకు కాదు. రేపెప్పుడైనా పాప అతని పేరెత్తితే "ఆ షాపు పిలగాడా, మంచోడే" అని మీ నోటి నుంచే రావాలి కదా. తర్వాత పాపతో ఏం మాట్లాడాడో మీరు చూసిన మెసేజ్‌ల్లోంచి రెండు రాశారు. "మీ అమ్మకు బీడీలే లోకం, నీకు నేనున్న." ఇంకొకటి, "నీ కోసం ఇంత చేసిన, నువ్వు ఒక్క ఫొటో పెట్టలేవా?" మొదటిదానితో పిల్లను మీ నుంచి విడదీశాడు. రెండోదానితో ఆమె నెత్తిన అప్పు పెట్టాడు. రీచార్జ్, వాచీ, ఫోను, అన్నీ ఆ అప్పు ఖాతాలో రాసుకున్నవే. తీసుకునేటప్పుడు పాపకు అవి కానుకలు. అడిగేటప్పుడు అతనికి బాకీ. చివరికి చూడండి, తన అప్పు కూడా ఆమే తీర్చాలంటున్నాడు.

ఇలా మచ్చిక చేసుకుని, ఏదో ఒకటి ఇచ్చి, లేదా ఇస్తానని ఆశపెట్టి, బదులుగా పిల్ల శరీరాన్ని వాడుకోవడాన్నే లైంగిక దోపిడీ అంటారు. ఇచ్చేది ఫోనే కానక్కర్లేదు. సినిమా చాన్స్ కావచ్చు, పరీక్షలో మార్కులు కావచ్చు, ఇన్‌స్టాలో ఫాలోయర్లు కావచ్చు, "నిన్ను పెళ్లి చేసుకుంటా" అనే ఒక్క మాట కావచ్చు. ఇందులో చెయ్యి పట్టి లాగడం ఉండదు. అందుకే బయటినుంచి చూసేవాళ్లకు పిల్లే పోయినట్టు కనిపిస్తుంది. అది పిల్లకు కూడా అలాగే కనిపిస్తుంది. అసలు కష్టమంతా అక్కడే ఉంది.

"నేనెక్కడ తప్పు చేసిన" అని అడిగారు. ఇలాంటివాళ్లు ఎవరిని వెతుకుతారో చెబుతాను, దాన్ని మీ తప్పుల పట్టికగా చదువుకోకండి. నాన్న దూరంగా ఉన్న ఇల్లు, అమ్మ చేతికి తీరిక లేని ఇల్లు, అందరికీ ఉన్నది తనకు లేదని పిల్లకు అనిపించే చోటు, ఇంట్లో తాగుడో కొట్లాటో ఉన్న చోటు, హాస్టల్లో ఉంటున్న పిల్లలు, ఇంతకుముందే ఒకసారి ఎవరిచేతిలోనో వేధింపు పడి ఎవరికీ చెప్పుకోలేకపోయిన పిల్లలు, చూపో వినికిడో బుద్ధి ఎదుగుదలో తక్కువైన పిల్లలు. ఖాళీ ఎక్కడుందో చూసుకుని అందులో కాలు పెడతారు. మీ ఇంట్లో ఖాళీ ఎందుకుంది? రోజుకు వెయ్యి బీడీలు చేస్తే తప్ప ఇల్లు గడవదు కాబట్టి, ఆయన అక్కడ కష్టపడితే తప్ప ఇక్కడి అప్పు తీరదు కాబట్టి. ఆ ఖాళీ మీరు కావాలని పెట్టింది కాదు. దాన్ని చూసి లోపలికొచ్చినవాడిదే నేరం. కలిగిన ఇళ్ల నుంచి, అమ్మానాన్నలిద్దరూ పక్కనే ఉన్న ఇళ్ల నుంచి కూడా నాకు ఇవే ఉత్తరాలు వస్తాయి. మగపిల్లల గురించీ వస్తాయి, కాకపోతే చాలా ఆలస్యంగా, చాలా సిగ్గుపడుతూ. మీకు ఆరో తరగతి బాబు ఉన్నాడన్నారు. చట్టం ఆడా మగా తేడా చూడదు. మీరూ చూడకండి.

కొట్టిన సంగతి చెప్పారు. ఆ భయంలో చెయ్యి లేచింది. ఆ చెయ్యితోనే ఇప్పుడు చేయాల్సిన పనొకటుంది. పాప దగ్గర కూర్చుని "ఆ రోజు కొట్టాను, తప్పు చేశాను, నీ మీద కోపం కాదు, భయమేసింది" అని చెప్పండి. అమ్మకు తెలిస్తే చంపేస్తుంది అన్న ఒక్క భరోసా మీదే అతని బెదిరింపు నిలబడి ఉంది. అది పడిపోతే సగం బలం పోతుంది.

పాప "ఆయన మంచోడే" అంటే వాదనకు దిగకండి. ఆమెకు అది ప్రేమే. ఏడాదిపాటు రోజూ "తిన్నవా" అని అడిగిన మనిషి అతను. మీరు అతన్ని తిట్టేకొద్దీ అతని వైపు నిలబడాల్సిన పని ఆమె మీద పడుతుంది. బదులు ఒకటి రెండు ప్రశ్నలు వేసి వదిలేయండి. "నిన్ను ఇష్టపడేవాడు మీ నాయినకు ఫొటో పంపుతానని ఎందుకంటాడు?" "ఆయన అప్పు నువ్వు హైదరాబాద్ పోతే ఎట్లా తీరుతుంది?" జవాబు అప్పుడే రాబట్టొద్దు. ఆ గదిలో ఏం జరిగిందని గుచ్చి గుచ్చి అడగొద్దు. పక్కింటివాళ్లతో, మేనత్తతో, మరిదితో అడిగించొద్దు. ఆ వివరాలు ఒక్కసారి, శిక్షణ ఉన్నవాళ్ల ముందు చెబితే చాలు. పదిమందికి పదిసార్లు చెప్పిస్తే పిల్ల నలిగిపోతుంది, మాటకూ మాటకూ వచ్చే చిన్న తేడాలు రేపు కోర్టులో అవతలి లాయరుకు ఆయుధాలవుతాయి.

చట్టం ఏమంటుందో సూటిగా చెబుతాను. పిల్లలపై లైంగిక నేరాల చట్టం, అందరూ పోక్సో అనేది, 2012లో వచ్చింది. దాని ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. పిల్ల ఒప్పుకుందా, తనంతట తాను వెళ్లిందా అన్న ప్రశ్నకు ఆ చట్టంలో చోటు లేదు. ఒకే ఈడు పిల్లలు ప్రేమించుకున్న కేసుల్లో ఇది మరీ కఠినంగా ఉందని కోర్టుల్లోనూ బయటా చర్చ నడుస్తోంది, అందులో నిజముంది. కానీ ఇరవై ఆరేళ్లవాడు పదిహేనేళ్ల పిల్లను ఫొటోలతో బెదిరించడానికీ ఆ చర్చకూ సంబంధం లేదు.

మీకు తెలిసినంతవరకే తీసుకున్నా నేరాలు చాలానే ఉన్నాయి. చెడు ఉద్దేశంతో పిల్ల వెంటపడి ఫోనులో పదే పదే మెసేజ్‌లు పెట్టడం, ఫొటోలు బయటపెడతానని బెదిరించడం లైంగిక వేధింపు కిందికి వస్తాయి, మూడేళ్ల దాకా జైలు. పిల్లచేత అలాంటి ఫొటోలు తీయించుకోవడం ఇంకా పెద్ద నేరం, కనీసం అయిదేళ్లు. పిల్లల్ని ఇలాంటి పనికి ఆన్‌లైన్‌లో మచ్చిక చేసుకోవడాన్ని ఐటీ చట్టంలోని 67బి సెక్షన్ విడిగా నేరమంటుంది. ఆ గదిలో మీరు భయపడుతున్నదే జరిగి ఉంటే, పిల్లకు పదహారేళ్లు నిండలేదు కాబట్టి, 2019లో చేసిన సవరణ తర్వాత కనీస శిక్ష ఇరవై ఏళ్లు. ఇక ఆ బ్యూటీ పార్లర్ మాట. పని ఆశ చూపి, మోసంతోనో బెదిరింపుతోనో, దోపిడీ కోసం మనిషిని ఒక చోటి నుంచి ఇంకో చోటికి తరలిస్తే అది అక్రమ రవాణా. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 143వ సెక్షన్. పిల్లల విషయంలో కనీసం పదేళ్లు, యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. అందుకే ఆ శనివారం గురించి అంతగా చెప్పాను. ఆ పార్లర్ నిజంగా ఉండొచ్చు కూడా. కానీ తన అప్పుకు పిల్లను ముడిపెట్టి రమ్మన్నవాడు పని నేర్పించడానికి రమ్మంటున్నాడని నేను నమ్మలేను.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మరిది చెప్పిన పంచాయితీ దారి. డబ్బు చేతికొస్తుంది, నలుగురిలో అతను తలొంచుకుంటాడు, ఫొటోలు మీ ముందే తుడిచేస్తాడు. ఫోన్లు బాగుచేసేవాడే కదమ్మా అతను, కాపీ ఇంకెక్కడ పెట్టుకున్నాడో మీకెలా తెలుస్తుంది? పంచాయితీలో కూర్చున్న అయిదారుగురికి పిల్ల పేరు తెలుస్తుంది, వాళ్ల నోళ్లు కట్టే చట్టం గట్టిగా పనిచేసేది కేసు ఉన్నప్పుడే. పైగా పోక్సో నేరాలు రాజీ చేసుకునే నేరాలు కావు. రాజస్థాన్‌లో ఒక టీచరు మీద పెట్టిన కేసును ఇరువైపులా రాజీ అయ్యారని హైకోర్టు కొట్టేస్తే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తప్పుబట్టి కేసు నడవాల్సిందేనంది. ఇంకో మాట, డబ్బు తీసుకున్నారన్న సంగతి రేపు మీ పాప మీదికే తిరుగుతుంది.

అత్తగారు చెప్పిన పెళ్లి దారి. ఆమెది పిల్ల మీద పగ కాదు, పరువు భయం. కానీ పద్దెనిమిది నిండకుండా పెళ్లి చేస్తే 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం కింద చేసినవాళ్లు, చేయించినవాళ్లు, చేసుకున్న ఆ బావ కూడా నేరస్తులవుతారు. పద్దెనిమిది నిండని భార్యతో కాపురం కూడా నేరమేనని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. ఒకడి చేతిలోంచి తప్పించి ఇంకొకడి మీద అదే కేసు తెచ్చిపెట్టినట్టవుతుంది. పదో తరగతి పరీక్ష రాయాల్సిన పిల్ల సంగతి సరేసరి.

ఏమీ చేయకుండా సిమ్ విరగ్గొట్టి ఊరుకోవడం ఇంకో దారి. మీ మనసు అటే లాగుతోందని ఉత్తరం చదువుతుంటే అర్థమైంది. మీకు చెప్పక తప్పదు, చట్టం ఈ దారి మూసేసింది. పిల్ల మీద ఇలాంటి నేరం జరిగిందని తెలిసిన ఎవరైనా, తల్లయినా టీచరైనా డాక్టరైనా, పోలీసులకు తెలియజేయాలి. చెప్పకపోతే ఆరునెలల దాకా శిక్ష ఉంది. మిమ్మల్ని భయపెట్టడానికి ఇది రాయడం లేదు. భయం కంటే పెద్ద సంగతి ఒకటుంది. అతని ఫోనులో మీ పాప ఒక్కతే ఉందని నేననుకోను. అదే షాపుకు డిస్‌ప్లే మార్పించుకోడానికి ఇంకెందరు అమ్మలు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్తున్నారో.

కాబట్టి చెప్పాలా వద్దా అన్నది కాకుండా, ఏ తలుపు తట్టాలన్నది మీ చేతిలో ఉంది. తలుపులు చాలా ఉన్నాయి.

పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం భయమైతే 1098 నుంచి మొదలుపెట్టొచ్చు. వాళ్లు జిల్లా బాలల సంరక్షణ విభాగం మనిషిని మీ దగ్గరికి పంపుతారు. మీ జిల్లాలో వేధింపులకు గురైన ఆడవాళ్లకు సాయం చేసే సఖి కేంద్రం ఉంటుంది, మహిళల హెల్ప్‌లైన్ 181కి చేస్తే చెబుతారు. భరోసా కేంద్రాలు 2016లో హైదరాబాద్‌లో మొదలై తర్వాత చాలా జిల్లాలకు వచ్చాయి. మీకు దగ్గర్లో ఉంటే నేనైతే అక్కడికే వెళ్లమంటాను. వాంగ్మూలం, వైద్య పరీక్ష, కౌన్సెలింగ్ అన్నీ అక్కడి నుంచే చూస్తారు, పిల్లను నాలుగు ఆఫీసులు తిప్పరు. ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి. ఆన్‌లైన్ సంగతులకు 1930, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్ ఉన్నాయి. మీ మండలం స్టేషన్‌లో అందరూ తెలిసినవాళ్లేనని సంకోచమైతే ఏ ఊరి స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, జీరో ఎఫ్ఐఆర్ రాసి వాళ్లే పంపుకోవాలి. ఫిర్యాదు తీసుకోబోమని అంటే ఎస్పీకి రాసివ్వండి. ఆయన సౌదీ నుంచి వచ్చి సంతకం పెట్టాల్సిన పనిలేదు, తల్లిగా మీ ఒక్కరి మాట చాలు.

ఆ తర్వాత ఏం జరుగుతుంది? పాప వాంగ్మూలం మీ ఇంట్లోనో, ఆమె కోరిన ఇంకో చోటనో తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయి మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. జీపు వాకిట్లోకి రావొద్దని మీరు ముందే అడగండి, సిగ్గుపడకండి. రాత్రిపూట పిల్లను స్టేషన్‌లో ఉంచడానికి వీల్లేదు. ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి తెలియజేయాలి. కేసు నడిచినన్నాళ్లూ పిల్లకు తోడుండే ఒక సహాయక వ్యక్తిని ఆ కమిటీ ఇవ్వగలదు. ఈ సంగతి చాలామందికి తెలియదు, అడిగి తీసుకోండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి లాయరును ఉచితంగా ఇస్తారు, 15100. కోర్టులో తలుపులు మూసి విచారిస్తారు, పాప అతని ముఖం చూడాల్సిన పని లేకుండా ఏర్పాటు ఉంటుంది, అవతలి లాయరు ప్రశ్నలు జడ్జి ద్వారానే అడగాలి. పరిహారం తీర్పు దాకా ఆగక్కర్లేదు, మధ్యంతరంగా ఇమ్మని కోర్టును అడగొచ్చు.

ఇదంతా కాగితం మీద ఉన్నది. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, ఏడాదిలోగా విచారణ ముగించాలని చట్టంలో ఉన్నా చాలా కేసులు అంతకంటే ఎక్కువే పడతాయి. అందరు పోలీసులూ ఒకేలా మాట్లాడరు. "ఎందుకమ్మా ఆడపిల్ల జీవితం" అని స్టేషన్‌లోనే ఎవరో ఒకరు అనొచ్చు. మధ్యలో పాప మాట మార్చొచ్చు, అతన్ని విడిపించమని ఏడవొచ్చు. అప్పుడు మీరు విరిగిపోకండి, ఆమె మీద విరుచుకుపడకండి.

ఫోను గురించి. పగలగొట్టొద్దు, ఏదీ తుడిచేయొద్దు. అతనికి మీరుగా ఫోన్ చేసి తిట్టొద్దు, తిడితే రాత్రికి రాత్రే అన్నీ మాయం చేస్తాడు. పాప చేత జవాబులు ఇప్పించొద్దు. డబ్బు పంపొద్దు, ఒక్క రూపాయి పంపినా రేపు ఇంకొంత అడుగుతాడు. అతని నంబరు, ఇన్‌స్టా పేరు, రీచార్జ్ చేసిన తేదీలు, ఆ గది ఎక్కడో, ఏ రోజు వెళ్లిందో మీకు తెలిసినవి ఓ నోటుపుస్తకంలో రాయండి. బెదిరించిన మెసేజ్‌లకు స్క్రీన్‌షాట్ తీయొచ్చు. కానీ ఆ ఫొటోలు మాత్రం ఎవరికీ, ఆఖరికి మీ ఆయనకూ, పంపకండి. పిల్లల అలాంటి ఫొటో ఎవరికి పంపినా, దాచుకున్నా నేరమే. ఫోనును అలాగే పోలీసుల చేతిలో పెట్టండి. ఫొటోలు ఇన్‌స్టా, ఫేస్‌బుక్ లాంటి చోట్ల పాకకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అని ఒక ఉచిత సేవ ఉంది. ఫొటోను ఎక్కడికీ పంపకుండానే దాని గుర్తును మాత్రం నమోదు చేస్తారు. మీకు చేతకాకపోతే కౌన్సెలర్‌ను సాయం అడగండి. అన్నిచోట్లా ఆగిపోతుందని చెప్పలేను, ఆగే చోట్లు మాత్రం పెద్దవే.

ఆసుపత్రి. మూడు వారాలైందన్నారు కాబట్టి మొదటి డెబ్బై రెండు గంటల్లో ఇవ్వాల్సిన మందుల సమయం దాటిపోయింది. అయినా వెళ్లాలి. గర్భం ఉందేమో, ఏదైనా ఇన్ఫెక్షన్ ఉందేమో చూడాలి. ప్రభుత్వాసుపత్రి అయినా ప్రైవేటు అయినా చికిత్స ఉచితంగా ఇవ్వాలి, ఎఫ్ఐఆర్ లేదని వెనక్కి పంపకూడదు. ఆడపిల్లను లేడీ డాక్టరే చూడాలి, మీరు పక్కనే ఉండొచ్చు. కన్యత్వ పరీక్ష పేరుతో చేసే రెండు వేళ్ల పరీక్షను సుప్రీంకోర్టు నిషేధించింది, ఎవరైనా చేయబోతే ఆపండి. ఒకవేళ గర్భం ఉంటే మైనర్లకు ఇరవై నాలుగు వారాల దాకా తీసేయించుకునే వీలు చట్టంలో ఉంది. నాటు మందుల జోలికి వెళ్లకండి. ఏం చేస్తారో, ఎందుకు చేస్తారో పాపకు ముందే చెప్పి తీసుకెళ్లండి. ఆమె వద్దంటే ఆ క్షణానికి ఆగండి.

పరువు మాట. పిల్ల పేరు, ఫొటో, ఊరు, బడి, ఇంటివాళ్ల వివరాలు, ఏవీ పేపర్లో టీవీలో రాకూడదని చట్టం. వేస్తే వాళ్ల మీద కేసు. అయితే ఊరి బావి దగ్గర మాటల్ని ఏ చట్టమూ ఆపలేదు, అది మీకూ తెలుసు. కొన్నాళ్లు చెవులు కొరుక్కుంటారు. మరిదికి, అత్తగారికి ఒక మాట గట్టిగా చెప్పండి: ఇంకొకరికి చెబితే బిడ్డకు చెడ్డపేరు తెచ్చేది మీరే అవుతారని.

మీ ఆయనకు చెప్పడం మీకు అన్నిటికంటే భయంగా ఉన్నట్టుంది. ఆయనకు తెలియకూడదన్న భయాన్నే ఆ మనిషి పట్టుకుని ఆడిస్తున్నాడు. అతను పంపేలోపు, మరిది చెప్పేలోపు మీరే చెప్పండి. పనిరోజు వద్దు. అలసిపోయి గదికొచ్చి, పదిమంది మధ్య ఫోనెత్తిన మనిషికి ఈ మాట చెప్పకూడదు. సెలవు శుక్రవారం, ఆయన తిన్నాక, పక్కకు వెళ్లి మాట్లాడమని అడిగి చెప్పండి. మొదటి వాక్యం "మన పిల్లను ఒకడు మోసం చేశాడు" అని ఉండాలి. "మన పిల్ల ఇట్ల చేసింది" అని మొదలుపెడితే ఆ తర్వాత ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు. కోపంలో ఏమైనా అంటారు, అననివ్వండి. ఆ రోజు మాత్రం పాపతో మాట్లాడించకండి. రెండు రోజులాగి ఆయన గొంతు దిగాక, "తిన్నవా బిడ్డా" అని ఒక్కమాట అడగమనండి. ఏడాదిగా ఆ మాట బయటివాడు అడుగుతున్నాడు.

ఉత్తరం చివర మీరు రాసిన సంగతి నా మనసులోంచి పోవడం లేదు. రాత్రి గోడవైపు తిరిగి పడుకున్న పాప, చాలాసేపటికి, "అమ్మా, రేపు బడికి పోవాల్నా?" అని అడిగిందనీ, ఏం చెప్పాలో తెలియక దీపం ఆర్పేశాననీ రాశారు. ఇక ముందు చాలా విషయాలు ఆమె చేతిలో ఉండవు. ఎవరొస్తారు, ఏమడుగుతారు, ఎప్పుడు రమ్మంటారు, అన్నీ వేరేవాళ్లు చెబుతారు. ఇది మాత్రం ఆమెకే వదిలేయండి. "నీకు పోవాలనుందా, ఇంట్లో ఉండాలనుందా?" అని అడగండి. పోతానంటే మీరు తోడు వెళ్లి, సాయంత్రం గేటు దగ్గర నిలబడండి. ఉంటానంటే మీ చాట పక్కనే పుస్తకం వేసుకుని కూర్చోమనండి. ఆ రోజు బీడీలు తక్కువైతే కానివ్వండి.